ప్యాడ్ తీసి పేస్ట్ పెట్టొచ్చా? ముందు సందు కొలవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ల కిందట కొన్న గేమింగ్ లాప్‌టాప్. ఆట మొదలెట్టిన ఐదు నిమిషాలకే ప్రాసెసర్ 96 డిగ్రీలకు వెళ్తోంది. విప్పి చూస్తే థర్మల్ ప్యాడ్లు, అంటే చిప్‌లకీ వాటి వేడిని లాగే హీట్ సింక్‌కీ మధ్య పెట్టే మెత్తటి ముక్కలు, చేతిలోనే చిరిగిపోయాయి. కొత్తవి లేవు, పేస్ట్ ట్యూబు మాత్రం ఉంది. ప్యాడ్ కన్నా పేస్టే వేడిని బాగా లాగుతుందని ఏదో వీడియోలో చెప్పారని, ప్యాడ్లు ఉన్న చోటల్లా పేస్ట్ మందంగా పూసి బిగించేశావు. ఇప్పుడు ప్రాసెసర్ 84 దాటడం లేదు. కానీ పది నిమిషాలకల్లా ఆట నత్తనడక నడుస్తోంది, ఒకసారి మొత్తం ఆగిపోయింది కూడా. "చల్లబడ్డాక కూడా ఎందుకిలా అన్నా?" అని అడిగావు.

చల్లబడింది ప్రాసెసర్ ఒక్కటే. దాని చుట్టుపక్కల ఉన్నవి నీకు కనిపించకుండా కాలుతున్నాయి. కాబట్టి ముందుగా ఒక మాట. దాన్ని మళ్లీ విప్పి సరిచేసేదాకా ఆట ఆడకు. రికార్డు రాసుకోవడం, సినిమా చూడటం వరకు ఫర్వాలేదు.

నేను విశాఖ ద్వారకానగర్‌లో లాప్‌టాప్ రిపేరు బెంచి మీద పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. నువ్వు చేసిన పనే నేనూ ఒకప్పుడు చేశాను. 2012లో ఉక్కునగరం నుంచి ఒక పెద్దాయన వాళ్లమ్మాయి లాప్‌టాప్ తెచ్చారు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం, ప్రాజెక్టు అందులోనే ఉంది. గ్రాఫిక్స్ మెమరీ మీద ప్యాడ్లు నలిగిపోయి ఉన్నాయి. మంచి ఖరీదైన పేస్ట్ ఉంది కదా అని అక్కడా అదే దట్టంగా పెట్టి ఇచ్చేశాను. షాపులో అరగంట నడిపి చూస్తే బాగానే ఉంది. మూడు వారాలకి తెర మీద రంగురంగుల చుక్కలు, గీతలు. విప్పితే నాలుగు మెమరీ చిప్‌లలో రెండింటి మీద పేస్ట్ అంచులకు జారిపోయి, మధ్యలో ఖాళీగా ఉంది. ఒక చిప్ పోయింది. డేటా తీసి ఇచ్చాను, బోర్డు ఖర్చు నేనే పెట్టుకున్నాను. కానీ ఆ అమ్మాయి ప్రాజెక్టు సమర్పించాల్సిన వారం అది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి ప్యాడ్ కొలవకుండా ఏ హీట్ సింకూ బిగించలేదు.

ఇప్పుడు అసలు విషయం. ప్యాడ్, పేస్ట్ రెండూ ఒకే పని చేసేవిగా కనిపిస్తాయి కానీ కాదు. గోడకి రంగు వేయించేటప్పుడు చూసే ఉంటావు. గుంట ఉంటే ముందు పుట్టీ పెడతారు, ఆ తర్వాతే రంగు. రంగు ఎంత ఖరీదైనదైనా గుంటని పూడ్చదు. పేస్ట్ రంగులాంటిది, ప్యాడ్ పుట్టీలాంటిది. ప్రాసెసర్ డై, అంటే అసలు వేడి పుట్టే నున్నటి సిలికాన్ ముక్క మీద హీట్ సింక్ రాగి పలక స్ప్రింగు స్క్రూలతో నొక్కుకుని కూర్చుంటుంది. రెండు నున్నటి ముఖాలు దాదాపు తాకుతుంటాయి. మధ్యలో మిగిలేవి కంటికి కనపడని గరుకులు, సన్నటి గుంటలు. వాటిని నింపడానికే పేస్ట్. బిగించాక ఆ పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు ఉంటుంది. అంతకంటే మందంగా ఉండకూడదు కూడా.

అదే హీట్ సింక్ కింద గ్రాఫిక్స్ మెమరీ చిప్‌లు, ప్రాసెసర్‌కి కరెంటు అందించే మాస్‌ఫెట్లు, వాటి పక్కన చదరపు కాయిల్స్ ఉంటాయి. వీటన్నిటి ఎత్తులు వేరు వేరు. ఒకే రాగి పలక అన్నిటినీ ఒకేసారి తాకడం కుదరదు. అందుకని కంపెనీవాళ్లు డై ఒక్కదానికే పలకని ఆనించి, మిగతా వాటి పైన కావాలనే సందు వదులుతారు. ఆ సందు అర మిల్లీమీటరు ఉండొచ్చు, రెండు మిల్లీమీటర్లూ ఉండొచ్చు. దాన్ని నింపడానికి మెత్తగా నొక్కుకుపోయే ప్యాడ్ పెడతారు.

అంకెల్లో చెప్తాను, అప్పుడు నీకే తెలుస్తుంది. రేటింగ్ అంటే వేడిని ఎంత బాగా దాటనిస్తుందో చెప్పే అంకె. ఒక గ్రాఫిక్స్ మెమరీ చిప్ 14 మిల్లీమీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందనుకో. అది రెండు వాట్ల వేడి పుట్టిస్తోంది. దాని మీద ఒక మిల్లీమీటరు మందం ఉన్న, 3 రేటింగ్ మామూలు ప్యాడ్ పెడితే, చిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య తేడా నాలుగు డిగ్రీలు. 6 రేటింగ్ ప్యాడ్ అయితే రెండు డిగ్రీలు. 12 రేటింగ్ కొంటే ఒక్క డిగ్రీ. ఇప్పుడు అక్కడ గాలి పొర మిగిలిందనుకో. గాలి రేటింగ్ 0.026 మాత్రమే. పదోవంతు మిల్లీమీటరు, అంటే ఒక ఏ4 కాగితం మందమంత గాలి మిగిలినా అదే రెండు వాట్లు దాటడానికి 45 డిగ్రీల తేడా కావాలి. వేడి కొంత బోర్డులోకి కూడా దిగుతుంది కాబట్టి నిజంలో అంత పెరగకపోవచ్చు. కానీ సంగతి అర్థమైంది కదా. ఖరీదైన ప్యాడ్ కొంటే దక్కేది మూడు డిగ్రీలు, కాగితమంత సందు వదిలేస్తే పోయేది నలభై అయిదు. అందరూ రేటింగ్ గురించి వాదించుకుంటారు. నేను చూసేది ఆనుతోందా లేదా అన్నదొక్కటే.

డై సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. 180 చదరపు మిల్లీమీటర్ల డై మీద 45 వాట్లు వస్తుంటే, సన్నగా ఉన్న మామూలు పేస్ట్ పొరకి రెండు మూడు డిగ్రీలే పోతాయి. అక్కడ ఒక మిల్లీమీటరు ప్యాడ్ పెడితే, అది 6 రేటింగ్‌దైనా సరే, నలభై డిగ్రీలు పోతాయి. అందుకే డై మీద ప్యాడ్ పెట్టకూడదు, మెమరీ మీద పేస్ట్ పెట్టకూడదు.

"పేస్ట్ రేటింగ్ 8 కదా, ఆ ఒక మిల్లీమీటరు సందుని నిండా పేస్ట్‌తోనే నింపితే ప్యాడ్ కంటే బాగుండాలి కదా" అని నీకు అనిపించొచ్చు. లెక్క ప్రకారం నిజమే, బిగించిన మొదటి గంట నిజంగానే బాగుంటుంది. కానీ పేస్ట్‌కి నిలబడే బలం లేదు. వేడెక్కినప్పుడు లోహం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ప్రతిసారీ పేస్ట్‌ని అంచులకి తోస్తుంది. నువ్వు లాప్‌టాప్‌ని బ్యాగులో నిలువుగా పెట్టుకుని బస్సులో కాలేజీకి వెళ్తావు. అంత మందపు ముద్ద అక్కడే ఉండిపోదు. నూనె వేరుపడుతుంది, మిగిలింది ఎండి పగుళ్లిస్తుంది. పగులులో చేరేది గాలే. నా 2012 బోర్డులో జరిగింది అదే.

నీ లాప్‌టాప్‌లో ఏం జరుగుతోందో ఇప్పుడు చెప్పొచ్చు. పాత ఎండిపోయిన పేస్ట్ తీసి డై మీద కొత్తది పెట్టావు కాబట్టి ప్రాసెసర్ చల్లబడింది. పనిలో పనిగా, గట్టిపడ్డ పాత ప్యాడ్లు పోవడంతో హీట్ సింక్ ఇంకాస్త కిందికి దిగి డైని గట్టిగా నొక్కి ఉండొచ్చు. ఆ పన్నెండు డిగ్రీలు అక్కడ వచ్చినవే. కానీ మాస్‌ఫెట్లకీ మెమరీకీ హీట్ సింక్ సరిగ్గా ఆనడం లేదు. మాస్‌ఫెట్ల దగ్గర వేడి హద్దు దాటితే బోర్డు ప్రాసెసర్‌కి ఒక సంకేతం పంపుతుంది, ప్రాక్‌హాట్ అంటారు. ఆ సంకేతం రాగానే ప్రాసెసర్ తను చల్లగా ఉన్నా సరే వేగం ఒక్కసారిగా తగ్గించేస్తుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చూడు. ఆట నత్తనడక నడిచే క్షణంలో ప్రాసెసర్ 80 దగ్గరే ఉండి, వేగం 400 కో 800 మెగాహెర్ట్జ్‌కో పడిపోయి, ప్రాక్‌హాట్ ఎక్స్‌టర్నల్ పక్కన అవును అని కనిపిస్తే, నేను చెప్పింది నూటికి తొంభై పాళ్లు ఖాయం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సంకేతాన్ని పట్టించుకోకుండా చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఒక టిక్ తీసేస్తే చాలు వేగం తిరిగొస్తుందని చాలామంది సలహా ఇస్తారు. పాడైన సెన్సరు ఉన్న పాత మిషన్ల సంగతి వేరు. నీ విషయంలో అది నిజమైన హెచ్చరిక. ఆ టిక్ తీసి ఆడితే మాస్‌ఫెట్ కాలిపోవచ్చు, దాంతోపాటు ప్రాసెసర్ కూడా పోవచ్చు. దయచేసి ఆ పని చేయొద్దు.

ఇప్పుడు విప్పడం గురించి. ఒకసారి విప్పావు కాబట్టి అన్నీ చెప్పను. బ్యాటరీ కనెక్టరు ముందు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టు. హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి, విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి వెనక్కి, బిగించేటప్పుడు 1 నుంచి ముందుకి. ఒక్కో స్క్రూనీ ఒకేసారి పూర్తిగా బిగించకుండా కొంచెం కొంచెంగా తిప్పుతూ రా.

చిప్‌ల చుట్టూ నువ్వు పెట్టిన పేస్ట్ అంతా ఇప్పుడు చిన్న చిన్న కెపాసిటర్ల మధ్యకి కూడా వెళ్లి ఉంటుంది. చాలా పేస్ట్‌లు కరెంటుని ప్రవహింపనివ్వవు, టెన్షన్ పడకు. అయినా తీసేయాల్సిందే. ముందు ప్లాస్టిక్ కార్డు ముక్కతో ఎక్కువగా ఉన్నదాన్ని ఎత్తెయ్యి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది, మెత్తటి టూత్‌బ్రష్‌కి పట్టించి నెమ్మదిగా రుద్దు. పెట్రోల్, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రావకం దగ్గరికి రానివ్వద్దు, ప్లాస్టిక్ కనెక్టర్లు పాడవుతాయి. వానాకాలంలో మన ఊరి తేమకి ఆరడం ఆలస్యమవుతుంది, ఫ్యాను కింద ఓ అరగంట వదిలెయ్.

ఇక అసలైన పని, సందు కొలవడం. పాత ప్యాడ్ల ముక్కలు పారేయలేదు కదా? నలగని అంచు ఒకటి దొరికితే వెర్నియర్ కాలిపర్‌తో దాని మందం చూడు. నలిగిన మధ్య భాగం కొలిస్తే తప్పు వస్తుంది. ముక్కలు లేకపోతే పిల్లలు ఆడుకునే నూనె క్లే స్టేషనరీ షాపులో తీసుకో. నీళ్లతో మెత్తబడేది, గోధుమ పిండితో చేసేది వద్దు. చిప్ మీద వంటింట్లో వాడే సన్నటి ప్లాస్టిక్ రేపరు పరిచి, దాని మీద శనగగింజంత క్లే ముద్ద పెట్టి, హీట్ సింక్‌ని అసలు స్క్రూలతో పూర్తిగా బిగించి, వెంటనే విప్పు. ముద్ద ఎంత మందానికి అణిగిందో అదే నీ సందు. ప్రతి మెమరీ చిప్ దగ్గర, మాస్‌ఫెట్ల వరుస దగ్గర, కాయిల్స్ దగ్గర విడివిడిగా చెయ్యి. డై మీద మాత్రం ముద్ద పెట్టకు, అక్కడ పలక ఆనాలి.

ప్యాడ్ సందు కంటే కొంచెమే మందంగా ఉండాలి. సందు 0.8 వస్తే 1 మిల్లీమీటరు ప్యాడ్, 1.2 వస్తే 1.5. షాపుల్లో ఎక్కువగా అర మిల్లీమీటరు తేడాతో దొరుకుతాయి. మరీ మందం పెడితే ప్యాడ్ హీట్ సింక్‌ని పైకి లేపేస్తుంది, డైకీ రాగికీ మధ్య ఖాళీ వస్తుంది, అప్పుడు ప్రాసెసర్ ఒక్క నిమిషంలో 100కి వెళ్తుంది. ప్యాడ్లు మార్చాక వేడి పెరిగిందని మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇదే తప్పు. ఇంకొకటి, పెద్ద రేటింగ్ అంకె చూసి మోసపోవద్దు. 12, 15 అని రాసి ఉన్న ప్యాడ్లు చాలావరకు గట్టిగా ఉంటాయి, నొక్కితే అణగవు, బోర్డే వంగుతుంది. వేలితో నొక్కితే బంకమట్టిలా లోపలికి దిగే 6 రేటింగ్ ప్యాడ్ నాకు చాలు. పెట్టేటప్పుడు రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ పొర తీశావో లేదో చూసుకో. ఒకవైపు తీసి రెండోది మర్చిపోయినవి నెలకొకటైనా నా బెంచి మీదికి వస్తుంది.

ఎత్తులు ఎక్కడికక్కడ వేరుగా వస్తే, ప్యాడ్ల కన్నా థర్మల్ పుట్టీ మేలు. ఇది పేస్ట్ కాదు. చాలా చిక్కగా, ముద్దలా ఉంటుంది, సందు ఎంతుంటే అంతకి అణిగి అక్కడే నిలబడుతుంది. హీట్ సింక్‌ని పైకి లేపే బలం దానికి లేదు కాబట్టి డైకి ఇబ్బంది ఉండదు. నేను ఈ మధ్య గ్రాఫిక్స్ మెమరీకి ఎక్కువగా ఇదే వాడుతున్నాను. ద్వారకానగర్ షాపుల్లో అడిగి చూడు, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకో. తీసేటప్పుడు కొంచెం చికాకు పెడుతుంది, అంతే.

రాగి రేకు ముక్క పెట్టి రెండు వైపులా పేస్ట్ రాయడం గురించి కూడా అడుగుతావని తెలుసు. పాతకాలం లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ డై మీదే మందపాటి ప్యాడ్ పెట్టి ఇచ్చేవారు. అలాంటి వాటికి ఈ ఉపాయం నిజంగా పనిచేసింది, నేనే చాలా వాటికి చేశాను. అక్కడ ఒక్కటే చిప్, ఒక్కటే సందు. నీ మెమరీ చిప్‌ల వరుస అలా కాదు. రాగి అణగదు, ఒక ముక్క 0.1 ఎక్కువైతే మిగతావన్నీ గాల్లో ఉంటాయి. జారి కెపాసిటర్ మీద పడితే షార్ట్. నీకు వద్దు.

డై మీద మాత్రం పేస్ట్ సరే. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే వేడికి మెత్తబడే ఫేజ్ చేంజ్ షీటు పెట్టు, హనీవెల్ వాళ్ల పీటీఎం 7950 లాంటిది. చూడటానికి పల్చటి ప్యాడ్‌లా ఉంటుంది కానీ అది పేస్ట్ బదులు వాడేది, సందులు నింపేది కాదు. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి గరుకుల్లోకి పాకుతుంది, పేస్ట్‌లా అంచులకి జారిపోదు. దాని పైపొర ఊడదీయడానికి ఫ్రిజ్‌లో కాసేపు పెట్టమంటారు. మన విశాఖలో ఒక చిక్కుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే గాలిలోని తేమ దాని మీద చెమ్మగా దిగుతుంది. అందుకే జిప్ కవర్‌లో పెట్టి చల్లబరిచి, ఏసీ గదిలో తీసి, కవర్ బయట తుడిచాకే తెరువు. పేస్ట్ బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ గురించి ఆలోచించొద్దు. అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, కరెంటు కూడా ప్రవహిస్తుంది. బ్యాగులో ఊగుతూ తిరిగే లాప్‌టాప్‌కి అలవాటు లేని చెయ్యి పెట్టాల్సిన వస్తువు కాదది.

విప్పావు కాబట్టి ఫ్యాన్లు కూడా తియ్యి. ఫ్యానుకీ, రాగి రెక్కలకీ మధ్యలో దుమ్ము కంబళిలా పేరుకుని ఉంటుంది, బయటి నుంచి కనిపించదు. వన్‌టౌన్ నుంచి, పోర్టు దగ్గర ఇళ్ల నుంచి వచ్చే లాప్‌టాప్‌లలో అది నల్లగా, మెత్తగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు నుంచి వచ్చే వాటిలో ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి మచ్చలు కనిపిస్తాయి. నీది మధురవాడ హాస్టల్ అన్నావు, అక్కడ దుప్పటి నూగే ఎక్కువగా ఉంటుంది. మంచం మీద పెట్టుకుని ఆడతావు కదా? గాలి తీసుకునే జల్లెడ కింది వైపే ఉంటుంది, పరుపు దాన్ని పూర్తిగా మూసేస్తుంది. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకో, వేగంగా తిరగనిస్తే బేరింగు పాడవుతుంది.

గది వేడి గురించి ఒక మాట. మే నెలలో ఏసీ లేని గది 35 ఉంటే, డిసెంబరులో 24 ఉంటే, అదే ఆటకి ప్రాసెసర్‌లో కూడా దాదాపు ఆ పదకొండు డిగ్రీల తేడా కనిపిస్తుంది. కాబట్టి ఈ నెల అంకెని ఆ నెల అంకెతో పోల్చి కంగారు పడకు. పోల్చాలంటే గది ఉష్ణోగ్రత పక్కన రాసి పెట్టుకో.

బిగించాక పరీక్ష ఇలా చెయ్యి. ఇరవై నిమిషాలు అదే ఆట, అదే గది. ప్రాసెసర్ కోర్లు ఒకదానికీ ఇంకోదానికీ పది డిగ్రీలకు మించి తేడా ఉంటే హీట్ సింక్ ఒక పక్కకి ఒరిగింది, ఏదో ఒక ప్యాడ్ మందం ఎక్కువైంది. మళ్లీ విప్పి ప్యాడ్ల మీద చిప్ ముద్ర చూడు. ప్రతి చిప్ నాలుగు మూలలూ ప్యాడ్ మీద స్పష్టంగా అచ్చు పడాలి. అచ్చు పడని చోట ఆనలేదని అర్థం. ప్రాక్‌హాట్ ఎక్స్‌టర్నల్ దగ్గర ఇరవై నిమిషాలూ కాదు అని ఉంటే నీ పని సరిగ్గా కుదిరినట్టే. అప్పుడు ప్రాసెసర్ 84 బదులు 87 చూపించినా నాకు సంతోషమే, ఎందుకంటే ఇన్నాళ్లూ బోర్డు మీదే ఉండిపోయిన మాస్‌ఫెట్ల వేడి కూడా ఇప్పుడు అదే హీట్ సింక్‌లోకి వస్తోంది.

ఈ ఆదివారం క్లేతో కొలిచి మెమరీ దగ్గర ఎంత, మాస్‌ఫెట్ల దగ్గర ఎంత, కాయిల్స్ దగ్గర ఎంత వచ్చిందో రాయి. హీట్ సింక్ వెనకవైపు ఫోటో ఒకటి, బోర్డు ఫోటో ఒకటి వెలుతురులో తీసి పెట్టు. ప్యాడ్ కొనే ముందు నేను చూసి ఏ మందం తీసుకోవాలో చెప్తాను, పుట్టీ మేలనిపిస్తే అదీ చెప్తాను.